గిజిగాళ్ళ బడి, కొంగగారి ఆజ్ఞలు

అనగనగా ఓ కొండ. ఆ కొండ చుట్టూ పిట్టల రాజ్యం. ఆ రాజ్యాన్ని చిత్రపింఛుడనే నెమలి ఏలుతుండేవాడు. మంచివాడే, కాకపోతే ఏనాడూ కొండ దిగి ఎరగడు.

కొండకింద వాగు ఒడ్డున, తుమ్మచెట్ల మీద గిజిగాళ్ళ బడి ఉండేది. గూడు అల్లడం నేర్పే బడి. దానికి పెద్ద దర్భయ్య. ఆయన కింద తొమ్మిదిమంది గురువులు. గడ్డిపోచ ముక్కున పట్టుకుంటే చాలు, అది ఏ చేను గట్టు మీద పెరిగిందో చెప్పేసే ఘనులు!

ఆ బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. కుర్రపిట్ట గూడు సగం అల్లగానే గురువు దాన్ని కాళ్ళతో పట్టుకుని, తలకిందులుగా వేలాడి మూడుసార్లు ఊగేవాడు. ముడి జారిందా, గూడంతా విప్పించి మళ్ళీ మొదటినుంచి అల్లించేవాడు. కుర్రపిట్టలు ఏడ్చేవి, అలిగేవి, మళ్ళీ అల్లేవి. ముడి నిలిస్తే దర్భయ్యకు కబురు వెళ్ళేది. ఆయనా ఒకసారి ఊగి చూసి, లోపల తడిమట్టితో బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టు చూశాకే తల్లిపిట్టలు ఆ గూట్లో గుడ్లు పెట్టేవి.

ఇలా ఉండగా రాజుగారికి కొత్త మంత్రి కుదిరాడు. ధ్యానకేతుడనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి గంటలకొద్దీ ఆలోచించేవాడు. ఆలోచించినప్పుడల్లా ఒక ఆజ్ఞ పుట్టేది.

మొదటి ఆజ్ఞ వచ్చింది. "బడి పెద్ద ప్రతి పున్నమికీ కొండెక్కి, ఎన్ని గూళ్ళు పూర్తయినవో విన్నవించవలెను."

"చెబితే పోయేదేముంది!" అనుకున్నాడు దర్భయ్య. ఇంకేముంది, పొద్దున లేస్తే లెక్కే. ఈ కొమ్మకెన్ని, ఆ కొమ్మకెన్ని. గురువులు కబురు పెడితే, "మీరు చూశారుగా, చాల్లే" అని ఊగకుండానే బొట్టు పెట్టేసేవాడు.

రెండో ఆజ్ఞ వచ్చింది. "విప్పిన గూడు వృథా. గూడు విప్పించిన గురువు ఆనాడే బడి విడిచి పోవలెను."

గురువుల్లో పెద్దవాడైన సూదిముక్కు పరుగున వచ్చాడు. "పెద్దయ్యా, విప్పించకపోతే నేర్పేదెట్లా?"

"ఏం చేయమంటావు నాయనా! పైనుంచి వచ్చిన ఆజ్ఞ. సర్దుకుపోండి."

"తమరు మాకు పెద్దా, కొంగగారికి గుమాస్తానా?"

దర్భయ్యకు ఒళ్ళు మండింది. కానీ మళ్ళీ గూళ్ళ లెక్కలోకే తల దూర్చాడు.

ఆనాటినుంచి గురువులు ఊగడం మానేశారు. విప్పించే వీలే లేనప్పుడు ఊగి ఏం లాభం? కొమ్మ మీద కూర్చుని, "బాగుంది, బాగుంది" అనేవారు. కుర్రపిట్టలకు పండగే పండగ. ఆ పున్నమికి నలభై గూళ్ళు తేలాయి. "భేష్!" అన్నాడు రాజు. దాచడమెందుకు, దర్భయ్య కూడా కాస్త పొంగిపోయాడు.

మృగశిర కార్తె వచ్చింది. గాలివాన కూడా కాదు, ఒక్క విసురు గాలి వీచింది. ఒక గూడు తెగి వాగులో పడింది. అందరికంటే ముందు గుడ్లు పెట్టిన పసుపురెక్కది ఆ గూడు. మూడు గుడ్లూ నీళ్ళపాలయ్యాయి.

పసుపురెక్క దర్భయ్య ముందు వాలింది. ఏడవలేదు.

"గూడు ఎవరు అల్లారో నాకు తెలీదు తాతా. నీ బొట్టు చూసి పెట్టాను," అని ఎగిరిపోయింది.

దర్భయ్య గుండె చెరువైంది. గింజ ముట్టలేదు. సరిగ్గా అప్పుడే మూడో ఆజ్ఞ దిగింది. "గూళ్ళన్నియు పడమటి కొమ్మలకే కట్టవలెను. కొండ మీదనుంచి రాజుగారు చూచి లెక్కించుకొందురు."

పడమర గాలి కొట్టే వైపు! తాతల కాలంనుంచీ గిజిగాళ్ళు తూర్పు కొమ్మలకే గూళ్ళు కట్టేవి. దర్భయ్య ఇక ఆగలేదు. రివ్వున కొండెక్కాడు.

"మహారాజా, నలభై అన్న మాట నిజం. నేను పెట్టిన బొట్లు అబద్ధం. చూడకుండా పెట్టాను. తప్పు నాదే. పది రోజుల్లో తల్లులందరూ ఆ గూళ్ళలో గుడ్లు పెడతారు. ఈ మూడో ఆజ్ఞ మాత్రం నా బడిలో నడవదు."

"ధిక్కారం!" అరిచాడు కొంగ. "ఆ బడిని కాకికి అప్పగించండి ప్రభూ!"

"అప్పగించండి," అన్నాడు దర్భయ్య. "అంతకుముందు ఒక్కసారి కొండ దిగండి. మీ ఎదుటే మంత్రిగారిని ఒక మాట అడగాలి."

రాజు కోపంతోనే కొండ దిగాడు. తుమ్మచెట్లకు ముప్ఫైతొమ్మిది గూళ్ళు ఊగుతున్నాయి.

"మంత్రివర్యా," అన్నాడు దర్భయ్య. "తమరే తల్లిపిట్ట అనుకోండి. కడుపులో గుడ్డుంది. గాలి లేస్తోంది. వీటిలో ఏ గూట్లో పెడతారు?"

కొంగ కాలు మార్చాడు. ఆ చెట్టు చూశాడు, ఈ చెట్టు చూశాడు. "అన్నీ... అన్నీ గూళ్ళేగా!" అని నీళ్ళు నమిలాడు.

రాజు సూదిముక్కు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

సూదిముక్కు ఒక్కో గూటికీ వేలాడి ఊగాడు. గూడు తర్వాత గూడు ముడి జారింది. చివరికి వచ్చి తల దించుకున్నాడు.

"పదకొండు నిలుస్తాయి ప్రభూ. తక్కినవి రాలిపోతాయి. వాటిలో నా శిష్యులు అల్లినవీ ఉన్నాయి."

రాజు రాలిపోయే గూళ్ళ వైపు తలెత్తి చూశాడు.

"విప్పి అల్లిస్తే ఎన్నాళ్ళు పడుతుంది?"

"అందరం కూర్చుంటే ఎనిమిది రోజులు."

"తల్లులు గుడ్లు పెట్టేది?"

"పది రోజుల్లో."

"మరి నాతో ఈ మాటలేమిటయ్యా? వెళ్ళండి, విప్పించండి!"

కడపటి రెండు ఆజ్ఞలూ రద్దయ్యాయి. మొదటిది అలాగే ఉండిపోయింది. రాజన్నాక ఏదో ఒకటి లెక్క చూసుకోవాలిగా! తర్వాతి పున్నమికి, విప్పి అల్లినవి పోగా, దర్భయ్య చెప్పిన కొత్త గూళ్ళ లెక్క ఇరవై ఆరే. కొంగ మూతి ముడిచాడు. రాజు మాత్రం తలూపాడు.

ఆ ఏడు ఎంత గాలి వీచినా మళ్ళీ ఒక్క గూడూ రాలలేదు. పసుపురెక్క మాత్రం ఆ చెట్ల వైపు తిరిగి రాలేదు.

కాబట్టి పిల్లలూ, పైనుంచి లెక్కపెట్టేవారి మెప్పుకోసం దగ్గరుండి నేర్పేవారి చేతులు కట్టేస్తే చదువు నిలవదు. ఆ చేతులు కట్టనివ్వకుండా అడ్డు నిలిచేవాడే బడికి పెద్ద.