ఒట్టుకో మేక

అనగనగా ఒక ఊళ్ళో, ఏ ఊరని అడక్కండి, రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని ఊరు, గంగులయ్య అని మేకలు కాచుకునే ముసలాడు ఉండేవాడు. నలభై మేకలు, ఒక్కగానొక్క కొడుకు. ఆ కొడుకు కాస్తా విషజ్వరమొచ్చి పోయాడు. ఇక ఇంట్లో ఎవరు మిగిలారు? ముసలాడు, కోడలు సుంకమ్మ, ఆవిడ ఒళ్ళో ఆర్నెల్ల పసివాడు. దిగులుతో సుంకమ్మకి పాలింకిపోయాయి. ఆ పసివాడికి మేకపాలే దిక్కు. ఊ ఏదర్రా, వినపడదే?

కొడుకున్నప్పుడు గంగులయ్య పండక్కీ పబ్బానికీ తినేవాడు, అందర్లాగే. వాడు పోయాక రోజూ మాంసం కావాల్సొచ్చింది. నోట్లో ముక్క ఉన్నంతసేపే దుఃఖం మరుపుకొచ్చేదట, పాపం. ఇవాళో మేక, మూడు రోజులకో మేక. నలభై కాస్తా ముప్పై, ముప్పై కాస్తా ఇరవై. సుంకమ్మ ఏడిస్తే సిగ్గుపడి పోలేరమ్మ గుడికెళ్ళి, ఈ జన్మలో ఇక మాంసం ముట్టనని పసుపు ముట్టి ఒట్టేశాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. అమ్మవారి దగ్గర వేసిన ఒట్టు తప్పితే, తప్పుకింద ఒక మేకను కొట్టాలి. కొట్టిన మేకను పారెయ్యకూడదు, ప్రసాదం, తినాలి. అర్థమైందా? పదిరోజులు పచ్చడి మెతుకులు తిని, పదకొండోరోజు ఆగలేక ఒక మేకను కోసేవాడు. ఒట్టు తప్పినందుకు ఇంకో మేక. అది తిని, ఏడ్చి, మళ్ళీ ఒట్టు. నవ్వకే సుజ్జీ, రేపట్నించి బెల్లం ముట్టనని నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు?

ఒట్టు పెరిగె, మంద తరిగె. మంద తరిగె, పాలు తరిగె. పాలు తరిగె, పసివాడు తరిగె. ఎముకలమీద తోలు, అంతే. ఏడవడానికి కూడా ఓపిక లేదు వాడికి.

చివరికి ఒక్క బొల్లిమేక మిగిలింది, పాలిచ్చేది. అప్పుడు పక్కూరి పెళ్ళిలో ఎవరో ఆకులో కూర వడ్డిస్తే గంగులయ్య తినేశాడు. ఒట్టు తప్పింది. తప్పుకింద ఏది కొట్టాలి? ఉన్నది అదొక్కటే. కొట్టకపోతే మనవణ్ణి అమ్మవారు తీసుకుపోతుందని భయం. కొడితే పాలు లేక వాడే పోతాడు. ముసలాడు గుడిముందు కత్తి పట్టుకుని కూలబడ్డాడు. నేను చస్తే బావుణ్ణని నేలకేసి తల కొట్టుకున్నాడు.

సుంకమ్మ వచ్చింది. బతిమాలలేదు, తిట్టలేదు. ఏడ్చి ఏడ్చి ఆవిడకీ ఏమీ మిగల్లేదు.

"మామా, నీకు చాతకాని ఒట్టు వేశావు, అదీ నీ తప్పు," అంది. "మానతానని చెప్పొద్దు. ఆదివారం నాలుగు ముక్కలు తింటా, మిగతా రోజులు ముట్టనని చెప్పు. అంతయితే నీ వల్లవుతుంది."

ముసలాడు అలాగేనని ఒట్టేసి, మరి ఈ తప్పు సంగతేంటే తల్లీ అన్నాడు. ఆవిడ అమ్మవారికేసి తిరిగి, బొల్లిది మళ్ళీ ఈనితే మొదటి పోతుపిల్ల నీదే, అందాకా ఓర్చుకో, నువ్వూ పిల్లలతల్లివే కదా అంది. మేకను తోలుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఇక ఊళ్ళో ఎవరు కోసినా, ఆదివారానికి గుప్పెడు ముక్కలు తెచ్చేది. ఓ వారం గోంగూరలో, ఓ వారం చింతచిగురులో, ఓ వారం శనగపప్పులో. ముక్క తక్కువ, పులుసు ఎక్కువ. ముసలాడు ఆ ఒట్టు తప్పలేదు. బొల్లిది ఈనింది, అమ్మవారి పిల్ల అమ్మవారికి వెళ్ళింది, మిగతావి ఇంట్లో పెరిగాయి. పసివాడు లేచి నడిచాడు. మంద మళ్ళీ నలభై అయిందా అంటే కాలేదు, అబద్ధమెందుకు, ఆరయ్యాయి. ఆరింటితోనే సంతోషంగా బతికారు.

అందుకే చెబుతున్నా, మానేస్తానని గొప్పకి పోకండి. తక్కువ తినండి, ఆ మాటమీద నిలబడండి.

అదేం తేలిక కాదు. ప్రతి ఆదివారం నాలుగో ముక్క అయిపోగానే ముసలాడి చెయ్యి గిన్నె వైపు పోయేది. కొడుకు గుర్తొచ్చేవాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఉత్తన్నం కలుపుకుంటూ ఏడ్చేవాడు. సుంకమ్మ చూడనట్టు ఇంకాస్త పులుసు పోసేది.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.