అమావాస్య నాడు కొలిచిన బజారు

అదిగో, ఆ గోడకి ఆనించిన గొడుగు చూడండి. దాన్ని తెరవకుండా, ముట్టుకోకుండా, దాని కింద ఎంతమంది తడవకుండా నిలబడగలరో చెప్పండి చూద్దాం. ఒక్కరేనంటావా నువ్వు? చెల్లాయి ఇద్దరంటోంది. సరే, ఇద్దరి జవాబులూ అలాగే ఉంచండి, దిద్దడం తర్వాత. ఈలోగా వీరభద్రాచారి మాస్టారి సంగతి వినండి.

ఆయన కట్టడాల చదువు చదివే పిల్లలకి చాలా ఏళ్ళు పాఠం చెప్పి, ఉద్యోగం అయ్యాక సొంత ఊరు దేవరపేట చేరారు. ఆయన పాఠాలు మానేసినా శిష్యులు రావడం మానలేదు. అయితే ఆయన దగ్గర ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా సూటిగా జవాబు చెప్పేవారు కాదు, ముందు ఏదో ఒక పని మీద బయటికి పంపేవారు. అందుకే మాస్టారి దగ్గరికి సందేహం తీసుకెళ్ళేటప్పుడు చేతిసంచీ కూడా పట్టుకెళ్ళాలని శిష్యులు తమలో తాము నవ్వుకునేవారు.

ఆ శిష్యుల్లో సువర్చల ఒకతె. చదువు పూర్తిచేసి, తన పేరు మీద మొదటిసారి ఒక పెద్ద పని ఒప్పుకుంది. ఆ పని దేవరపేటలోనే, పెద్దబజారులో.

పెద్దబజారంటే ఎదురెదురుగా రెండు వరసల కొట్లు. టేకు స్తంభాలు, పెంకుల చూరు, ప్రతి కొట్టు ముందూ మోకాలెత్తున రాతి అరుగు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పెళ్ళి కుదిరినా సామానుకి అక్కడికే బండి కట్టేవారు. పెద్దరోడ్డు పక్కన అద్దాల దుకాణాలు వచ్చాక బేరాలు అటు మళ్ళాయి. ఇటు చూర్లు కారడం మొదలైంది. కొన్ని కొట్లు చెక్కపలకలు బిగించి అలాగే ఉండిపోయాయి. మొత్తం పడగొట్టి మూడంతస్తుల కాంప్లెక్సు కడితే పీడా వదులుతుందని కౌన్సిలర్లలో కొందరు పట్టుబట్టారు. కాదు, పాతదాన్ని నిలబెట్టి ఊరికి మళ్ళీ కళ తెచ్చే దారి ఉంటే చూద్దామని మరికొందరు అన్నారు. ఆ దారి చూపించే పని సువర్చలకి అప్పగించారు. ఒక్కటే షరతు. ఆమె ప్రణాళికకి కొట్లవాళ్ళు తలూపాలి, ఊపకపోతే కాంప్లెక్సే.

ఆ పిల్ల రాత్రింబవళ్ళు కష్టపడింది. స్తంభాల మీద పేరుకున్న రంగులు గీకించి నూనె పట్టించడం, చూర్లు సరిచేయించడం, బోర్డులన్నీ ఒకే తీరుగా రాయించడం, వీధి పొడుగునా దీపాలు పెట్టించడం, అన్నీ ఆలోచించింది. అరుగులంటే ఆమెకి మరీ ముచ్చట. అంత మంచి రాయి మళ్ళీ దొరకదని, ఎవరూ పాడుచేయకుండా వాటి చుట్టూ ఇనుప కటకటాలు, మధ్యలో పూలకుండీలు గీసింది. అక్కడక్కడ రాయి గుంట పడిన చోట ఎర్ర గుర్తు పెట్టి, కొత్త రాయి వేయాలని రాసింది.

ఆ బొమ్మ గోడకి తగిలించి కొట్లవాళ్ళకి చూపించింది. అందరికంటే పెద్దవాడు, ఇత్తడి సామాను కొట్టు నాగభూషణం గారు, కళ్ళజోడు సర్దుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"బొమ్మ దివ్యంగా ఉందమ్మాయ్. క్యాలెండరుకి వేయించు, ఇంటింటా తగిలించుకుంటాం" అన్నాడు.

అందరూ నవ్వారు. సువర్చల మొహం ఎర్రబడింది. లోపం ఎక్కడుందో చెబితే దిద్దుతానంది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి ఆ పెద్దాయనే, ఈసారి వెటకారం లేకుండా, తేడా ఎక్కడుందో తనకీ తెలియడం లేదని, ఇది మాత్రం తమ బజారులా లేదని అన్నాడు. గురువారం మళ్ళీ కూర్చుందామని, అప్పటికీ కుదరకపోతే కాంప్లెక్సుకే సరేనని లేచిపోయారు.

సువర్చల చుట్టచుట్టిన కాగితం చంకన పెట్టుకుని నేరుగా మాస్టారింటికి నడిచింది. కూర్చోమనక ముందే అడిగేసింది.

"పాత ఊరిని బతికించాలంటే ముందు దేన్ని కాపాడాలి మాస్టారూ? కట్టడాన్నా, వ్యాపారాన్నా?"

మాస్టారు కాగితం నేల మీద పరిచి, వంగి, చాలాసేపు చూశారు. ఈ కొలతలు ఎప్పుడు తీసుకున్నావని మాత్రం అడిగారు. అమావాస్య నాడని ఆమె కాస్త గర్వంగానే చెప్పింది. అమావాస్యకి పెద్దబజారులో ఎవరూ కొట్టు తెరవరు, అది తాతల నాటి కట్టుబాటు. అడ్డొచ్చే మనిషి ఉండడు, టేపు ఈ చివర పట్టుకుంటే ఆ చివర దాకా వంకర లేకుండా సాగుతుంది. అందుకే వెతికి వెతికి ఆ రోజు ఎంచుకుంది.

మాస్టారు తలూపి, గోడకున్న సంచీ తీసి ఆమె చేతికిచ్చారు. రేపు ఇంటికి కావలసిన సరుకు కొన్ని తెచ్చిపెట్టమన్నారు. ఏమేం కావాలో చెప్పలేదు. నాగభూషణం కొట్టు అరుగు మీద ఏం దొరికితే అది తెమ్మన్నారు. ఆ అరుగు దాటి పక్కకి పోకూడదట. తెల్లారి మొదలుపెట్టి దీపాల వేళ దాకా అక్కడే ఉండాలట. ఇత్తడి కొట్టు అరుగు మీద బిందెలు తప్ప ఏముంటాయని ఆమె లోలోపల విసుక్కుంది. అయినా సంచీ తీసుకుంది.

మర్నాడు వెలుగు రాకుండానే వెళితే, కొట్టు ఇంకా తెరవలేదు గానీ అరుగు మీద చోటు లేదు. పక్క ఊరి నుంచి వచ్చిన పెరుగు ముంతలవాళ్ళు బారుగా కూర్చున్నారు. సువర్చల ఒక ముంత కొంది. ఎండ స్తంభం మొదట్లోకి వచ్చేసరికి వాళ్ళు గంపలెత్తుకుంటూ, తడిగుడ్డతో ఎవరు కూర్చున్న చోటు వాళ్ళు శుభ్రంగా తుడిచి దిగారు. ఇంతలో నాగభూషణం గారు వచ్చి పలకలు తీయించి బిందెలూ గంగాళాలూ అరుగు మీద పేర్పించాడు. పెరుగు కోసం వచ్చిన ఒకావిడ ముంత పక్కన పెట్టి బిందె మీద వేలితో కొట్టి చూస్తూ బేరం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళుతూ సామాను లోపల పెట్టించి, అరుగు తుడిపించాడు. అప్పటికే గాజుల మలారంతో ఒక ముసలామె చూరు నీడన నిలబడి ఉంది. ఆమె చుట్టూ ఆడపిల్లలు చేరారు. గాజులు తొడిగించుకుంటూ ఒక పెళ్ళికూతురి తల్లి, కొట్టు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు, కావిడి బిందెలు చూడాలని వాకబు చేసింది. తెరిచే వేళ గాజులామే చెప్పింది, తన కొట్టయినట్టు.

సువర్చల జేబులో టేపు ఉంది. దాన్ని బయటికి తీయలేదు. అరుగు మధ్యలో తాను ఎర్ర గుర్తు పెట్టిన గుంట వైపు చూసింది. గాజులామె లేచి తుడిచి వెళ్ళాక, అందులోనే కూర్చుని చూసింది. రాయి చల్లగా, నున్నగా ఉంది. ఎవరో తనకోసమే చెక్కినట్టు సరిపోయింది. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు.

"కాస్త లేస్తావా తల్లీ? ఇది నా వేళ."

తలెత్తితే ఎదురుగా మల్లెపూల బుట్ట, దాని వెనక పూలామె. సువర్చల గబుక్కున లేచింది. లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, తన చున్నీ కొంగుతో తాను కూర్చున్న చోటు తుడిచింది. ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతట అదే కదిలింది. లోపల గల్లాపెట్టె దగ్గర నాగభూషణం గారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆ పిల్లని చూశాడు.

దీపాల వేళకి సంచీలో పెరుగు ముంత, మధ్యాహ్నం కొన్న గాజులు, మూరెడు మల్లెపూలు ఉన్నాయి. మాస్టారు అవి అందుకుని లోపలికి పంపించారు.

గురువారం సువర్చల బజారంతటి బొమ్మ తీసుకెళ్ళలేదు. ఒక్క అరుగు బొమ్మ తీసుకెళ్ళింది. అదే అరుగు తెల్లవారి ఒకటి, కొట్టు తెరిచాక ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. కటకటాలు లేవు, కుండీలు లేవు. ప్రతి నాలుగు కొట్లకీ ఒక నీళ్ళ కుళాయి, తుడవడానికి. చూరు ఒక మూర ముందుకి, మధ్యాహ్నపు నీడ కోసం. గుంట పడిన రాయి గుంటతోనే ఉంది. మిగతా అరుగులు తనకి తెలియవని, అవి వాళ్ళే చెప్పాలని చాక్‌పీసు బల్ల మీద పెట్టింది.

ఇక ఆ గదిలో ఒకరి మాట ఒకరికి వినపడితే ఒట్టు. మా అరుగు మీద పొద్దున ఆకుకూరలని ఒకరు, మా వైపు మధ్యాహ్నం నీడ ఉండదు, చూరు ఇంకాస్త సాగాలని ఇంకొకరు. బట్టల కొట్టాయన మా అరుగు మీద సాయంత్రం ఎవరూ కూర్చోవడం లేదని ఒప్పుకుంటే, నీ నోటికి జడిసి ఎవరు కూర్చుంటారని పక్కవాడు అంటించాడు. ఆయన అందరితోపాటు నవ్వి, రేపటి నుంచి నిమ్మకాయలవాళ్ళని పిలుస్తానన్నాడు. నాగభూషణం గారు తలూపాడు. ఆయన ఊపాక మిగతావాళ్ళు ఆలోచించలేదు. వానలు ముదరకుండా చూర్ల పని మొదలుపెట్టాలని అక్కడికక్కడే నిర్ణయించారు. చాలాకాలంగా మూసి ఉన్న ఒక కొట్టు వాళ్ళబ్బాయి తాళంచెవి వెతకడానికి ఇంటికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం సువర్చల మాస్టారింటికి వెళ్ళి సంగతంతా చెప్పింది. అన్నీ చెప్పాక కూడా లేవలేదు. తన ప్రశ్నకి జవాబు ఇంకా బాకీ ఉందని గుర్తుచేసింది. కట్టడమా, వ్యాపారమా?

మాస్టారు వాకిట్లోకి చూస్తూ అన్నారు.

"లేచేటప్పుడు నువ్వు రాయి తుడిచావట, నాగభూషణం చెప్పాడు. అది కట్టడం కోసమా, వ్యాపారం కోసమా?"

అంతే.

అలా చూస్తారేం? అర్థం నన్నడక్కండి, మీకూ ఒక బుర్ర ఉంది. ఉండండుండండి, అవి చినుకులేనా? డాబా మీద చింతపండు సగమే గింజ తీసి ఎండకి వదిలేశాను, తడిస్తే ఏడాదంతా పులుసు మరిచిపోవలసిందే. ఆ గొడుగు ఇలా అందుకో. చాటలు పట్టుకుని మీరిద్దరూ కూడా రండి. ఎంతమంది పడతామో దాని కిందకి వచ్చి చూడండి.