గుడ్ల మీద బొగ్గు గీతలు

చెప్పండి, ఈస్టర్ నాడు దీనమ్మ ఇంటికి వెళ్లి ఏం చూశారు? రంగు గుడ్లు చూశామంటారు. ఉల్లిపొట్టు వేసి ఉడికించిన ఎర్రవి, పసుపు నీళ్లలో ఉడికిన పచ్చవి, కొత్తిమీర రెమ్మ అచ్చు పడినవి. వాటి నడుమ దోరగా కాలిన పండగ రొట్టె. అంతేనా? పెరట్లో పశువుల పాక మూల, గంపలో ఇరవై రోజులుగా కడుపు మాడ్చుకుని కూర్చున్న ఎర్రపెట్టను చూడలేదా? చూడరు. పళ్లెంలోకి వచ్చేదాకా ఎవరూ దేన్నీ చూడరు. చూడనిది ఇప్పుడైనా వినండి.

ఎర్రపెట్ట కింద తొమ్మిది గుడ్లున్నాయి. నేడో రేపో పిల్లలవుతాయి. పోయినేడాది పిల్లలను ఒక్కొక్కదాన్నే గద్ద తన్నుకుపోయింది. ఈసారైనా దక్కించుకోవాలని దాని తపన. రోజుకోసారి దిగి నాలుగు నూకలు తిని, రెండు గుక్కల నీళ్లు తాగి, గుడ్లు చల్లారకముందే గంప ఎక్కేది. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో రెండేసి గీతలు ఉన్నాయి. పొదగేసిన రోజున దీనమ్మ గీసింది. ఎందుకో పెట్టకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

పండగ ముందు శనివారం పొద్దున తాటాకుల మోపు వెనక నుంచి ముంగిస తల బయటపెట్టింది. అంతకుముందు ఒకసారి గంప మీదికి ఎగబడి, కంటి పక్కన ముక్కుపోటు తిని పోయింది. ఆ గాటు ఇంకా మానలేదు. అందుకే ఈసారి మాటలు పట్టుకొచ్చింది.

"బాగున్నావా అక్కా?"

"నువ్వు దూరంగా ఉన్నంతసేపు బాగానే ఉంటాను. అక్కడే నిలబడి మాట్లాడు."

"పాత సంగతులు ఎందుకులే. నీ మేలు కోరి వచ్చా. వంటపాక కేసి చూడు. పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నాయి. చుట్టాలు ఎక్కువయ్యారు, గుడ్లు చాలడం లేదు."

"అయితే నాకేంటి?"

"నీకేంటా? పిచ్చిదానా, నీ గుడ్ల మీద ఆ గీతలు ఎందుకనుకున్నావ్? పండగకని పెట్టుకున్న గుర్తు. మధ్యాహ్నం వచ్చి ఎత్తుకెళ్తుంది."

పెట్ట రెక్కలు విప్పి గుడ్లన్నిటినీ ఇంకా దగ్గరకు లాక్కుంది.

"ఇప్పుడేం చెయ్యను?"

"నేను లేనూ? ఒక్కొక్కటే కిందికి దొర్లించు. నా కలుగులో దాస్తా. వెచ్చగా ఉంటుంది. పండగ అయ్యాక తెచ్చిస్తా."

"నీ కలుగులోనా?"

"దీనమ్మ చెయ్యి అక్కడిదాకా రాదు కదా!"

అది నిజమే. అబద్ధం అమ్మడానికి వచ్చేవాడు గంపలో పైన ఒక నిజాన్ని పెట్టుకుని వస్తాడు. మనం పైనున్నదాన్ని చూసి తలుపు తీస్తాం.

"కాసేపు ఆలోచించుకోనీ," అంది పెట్ట. ముంగిస మోపు వెనక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి ముసలెద్దును పొలం నుంచి తెచ్చి పాకలో కట్టేశారు. పెట్ట ఆగలేకపోయింది.

"ఎద్దు మామా, నా గుడ్ల మీద ఈ గీతలు ఎందుకు?"

ఎద్దు నోట్లో గడ్డి నమిలి మింగింది. "పదేళ్లుగా చూస్తున్నా. పొదగేసిన గుడ్లకే బొగ్గు గీస్తుంది. నువ్వు నీళ్లకు దిగినప్పుడు నల్లపెట్ట దూరి నీ గంపలో గుడ్డు పెట్టి పోతుందా, గీత లేని ఆ గుడ్డును దీనమ్మ తీసేస్తుంది. గీత ఉన్నదాన్ని ముట్టదు."

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా!"

పెట్టకు ముందు తన మీదే కోపం వచ్చింది. గుడ్లకు కాపలా ఉన్న గీతల్ని చూసి హడలిపోయి, గుడ్లు తినేవాడి చేతికి వాటిని అప్పగించబోయింది. ఆ తర్వాత ముంగిస మీద వచ్చింది కోపం. అది వేరే రకం కోపం. చల్లగా కూర్చుని ఆలోచించే కోపం.

ఎండ నడినెత్తికి రాగానే ముంగిస మళ్లీ దిగింది. "ఏం తేల్చుకున్నావ్? ఆలస్యం చేస్తే నీ ఇష్టం!"

"ఉండు తమ్ముడూ. నావి తొమ్మిదే. ముందు ఆ పన్నెండింటి సంగతి చూడు."

ముంగిస చెవులు నిక్కాయి. "ఏ పన్నెండు?"

"వంటపాకలో మూతేసిన ఆ గిన్నె చూశావా? పొద్దున పన్నెండు గుడ్లు అక్కడికి వెళ్లడం నా కళ్లతో చూశా. ఒక్కటీ వెనక్కి రాలేదు. కింద వేడి, పైన వేడి పెట్టారు. ఒక్క గుడ్డుకీ గీత లేదు."

"దీనమ్మో?"

"బావి దగ్గరుంది."

పెట్ట ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ గుడ్లను పగలగొట్టి, బెల్లం, వెన్న, పొంగడానికి తాటికల్లు పోసి కలిపిన రొట్టె పిండిలో గిలక్కొట్టారన్నది మాత్రం చెప్పలేదు. ముంగిస అడగలేదు.

గిన్నె దగ్గర గుడ్డు వాసన కమ్మగా వేసింది. పొగ వాసన కూడా వేసింది, కానీ ఆశ ముక్కు మూసేసింది. మూత మీద బూడిదే కనబడింది. బూడిద కింద రొట్టె పైభాగం కాలడానికి పోసిన కణకణలాడే నిప్పులున్నాయి. ముంగిస ముందుకాళ్లు రెండూ ఎత్తి మూతను నెట్టింది.

ఆ కేక వీధి చివరిదాకా వినపడింది. మీసాలు కాలాయి, అరికాళ్లు బొబ్బలెక్కాయి. "నీ దుంప తెగ, నా రొట్టె!" అంటూ దీనమ్మ బావి దగ్గర నుంచి విసిరిన చెంబు దాని నడుముకు తగిలింది.

కుంటుకుంటూ గంప పక్కనుంచి పోతూ ముంగిస పళ్లు నూరింది. "గుడ్లేవే?"

"రొట్టెలో ఉన్నాయి తమ్ముడూ. నీ కలుగులో కంటే వెచ్చగానే ఉన్నాయిగా!"

ముసలెద్దు నవ్వితే ముందున్న గడ్డి అంతా చెదిరిపోయింది.

మర్నాడు ఈస్టర్ ప్రార్థన అయి అందరూ గుడి నుంచి వచ్చి రొట్టె తుంచుకుంటున్న వేళకు గంపలో ఏడు పిల్లలు కిచకిచమన్నాయి. రెండు గుడ్లు మాత్రం పలకలేదు. వాటిని ఇంకో పూట కడుపు కింద పెట్టుకునే కూర్చుంది పెట్ట. తాటాకుల వెనక కాలిన కాళ్లు నాక్కుంటూ ముంగిస ఆ ఏడింటినీ లెక్కపెట్టుకుంది, బయటికి మాత్రం రాలేదు.

భయం పెట్టినవాడే కాపలా కాస్తానంటే, వాడు ఏం తిని బతుకుతాడో ముందు కనుక్కోవాలి. మరి మీ గుమ్మంలోకి వచ్చి, అదిగో ముంచుకొస్తోందని బెదిరించి, "నాకు అప్పగించు, నేను చూసుకుంటా" అన్నవాణ్ణి మీరు ఆ మాట అడిగారా?