రాచిప్పలో అన్నం

అడిగిన ప్రశ్నకు అదే రోజు జవాబు చెప్పడం మా అశ్వత్థప్ప దాసుగారికి అలవాటు లేదు. ఊరగాయ జాడీకే మూడోనాడు గానీ మూత తీయం, మనిషి కష్టానికి అంత తొందరేమప్పా అనేవారు. హిందూపురం చుట్టుపక్కల నలభై ఏళ్లు హరికథలు చెప్పిన మనిషి, ఇంటి దగ్గర మాత్రం మాట పొదుపు. ఆయన పక్కన ముప్పై ఏళ్లు మృదంగం వాయించిన నేను, ఆ మూడోనాటి కోసం కాచుకుని విసుక్కున్న సందర్భాలకు లెక్కలేదు. ఒక్కసారి మాత్రం కాచుకున్నందుకు ఫలితం దక్కింది. అదీ ఒక దిక్కుమాలిన భోజనం వల్ల.

దాసుగారి దగ్గర ఏడేళ్లు నేర్చుకున్నవాడు ఓబులపతి. ఇరవై ఎనిమిదేళ్ల వాడు, బుద్ధిమంతుడు. గొంతు మంచిది, పద్యం తప్పడు, కాలు తాళం దాటదు. అయితే పరీక్షలో అప్పజెబుతున్నట్టు కళ్లు మూసుకుని పద్యం పాడేవాడు. అది ముగించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, అర్థం చెప్పేవాడు. మళ్లీ తుడుచుకుని అడుగు వేసేవాడు. దాసుగారి కథ అట్లా కాదు. పద్యం మధ్యలో ముందు వరసలో కునుకుతున్న తాతను ఒక మాట అని, ఆ నవ్వు ఆరకముందే మళ్లీ పద్యంలోకి వచ్చేసేవారు. కాలి గజ్జె ఎప్పుడు మొదలైందో పక్కనున్న నాకే తెలిసేది కాదు.

ఒక గురువారం రొద్దంలో ఓబులపతి కథ పెట్టారు. దేవుడి పెళ్లి కథ, ఎవరు చెప్పినా పండే కథ. పావు వంతు కూడా కాకుండానే జనం ఒక్కొక్కరే లేచి చాపలు చుట్టుకున్నారు. చివరిదాకా కూర్చున్న ఒక ముసలమ్మ పోతూ పోతూ వాడి గడ్డం పట్టుకుని, "పాట బాగుండాది, పద్యం బాగుండాది. కతే రాలేదు నాయనా," అంది. తిట్టినా అంత బాధపడేవాడు కాదు.

తిరిగి వస్తుండగా వాడు దాసుగారిని అడిగేశాడు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ స్టోర్సులో పని దొరికిందట, సోమవారం చేరాలట. చేరితే ఇక గజ్జెలు అటక మీదికే. "ఏడేళ్లు మీరు చెప్పిందంతా నేర్చుకుంటిని అయ్యవారూ. నాలో ఇది ఉండాదా, లేదా? లేదంటే లేదని చెప్పండి, సోమవారం పోయి చేరిపోతాను," అన్నాడు. నేను మృదంగం గవిసెన గుడ్డ సర్దుకుంటున్నట్టు నటించాను.

దాసుగారు ఉందనలేదు, లేదనలేదు. బుధవారం పరిగిలో తనకు కథ ఉందని, పంచె ఉతికించాలని అన్నారు. తర్వాత, ఆ ఫ్యాక్టరీ వాళ్లు ఏం తింటారని అడిగారు. అక్కడ పెద్ద ఉద్యోగులంతా కొరియా దేశస్థులని, వాళ్ల కోసం రోడ్డు పక్కన కొరియా హోటలు ఉందని ఓబులపతి చెప్పాడు. అయితే శనివారం మమ్మల్నిద్దరినీ అక్కడికి తీసుకుపొమ్మని, చేరబోయే చోటి తిండి ఎట్లాంటిదో చూద్దామని దాసుగారన్నారు. ఓబులపతి మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. గురువుకు ఒక పూట మంచి అన్నం పెట్టి సెలవు తీసుకోవచ్చని వాడి ఆశ.

శనివారం మేం పోయేసరికి ఫ్యాక్టరీ భోజనాల వేళ దాటిపోయింది. హాలంతా ఖాళీ. వండేదీ వడ్డించేదీ ఒకామే, అరవై దాటిన కొరియా ఆవిడ. అసలు పేరు ఏదో సూన్ అని ముగుస్తుందట, మనవాళ్ల నోళ్లలో నాలుగేళ్లకు సూనమ్మ అయింది. ఓబులపతి రెండు రోజులూ ఫోనులో చూసి ఆ దేశపు మర్యాదలన్నీ బట్టీ పట్టి వచ్చాడు. పెద్దవాళ్లు మొదలుపెట్టాకే చిన్నవాళ్లు తినాలట. అన్నం చేత్తో ముట్టకూడదట. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు తినే ఆ రెండు పుల్లలతో గిన్నెలో కెలకకూడదట, కెలకడం వాళ్లకు మహా అమర్యాద. దాసుగారు చేతులు కట్టుకుని విని, "ఈ పూటకు నువ్వే గురువు," అన్నారు.

శనివారం గనక మాంసం వద్దన్నాం, గుడ్డు కూడా వద్దన్నాం. సూనమ్మ మూడు నల్లటి రాతి గిన్నెలు తెచ్చి పెట్టింది. పొయ్యి మీద నుంచి దించినవి, పొగలు కక్కుతున్నాయి. అచ్చం మన రాచిప్పలే. తమ అవ్వ ఇట్లాంటి దాంట్లోనే పులుసు కాచేదని దాసుగారు సంబరపడ్డారు. అడుగున తెల్లటి అన్నం, దాని మీద చుట్టూ ముగ్గేసినట్టు క్యారెట్టు, పాలకూర, ముల్లంగి, మొలకలు, పుట్టగొడుగులు, దేని కుప్ప దానిదే. పక్కన చిన్న గిన్నెలో ఎర్రటి కారపు ముద్ద, ఇంకోదాంట్లో నువ్వుల నూనె. చూస్తే చెరపబుద్ధి కాలేదు.

చెరపలేదు కూడా. ఆ పూట గురువు ఓబులపతి చెప్పినట్టే తిన్నాం. క్యారెట్టు కుప్ప ముగించి పాలకూరకు, పాలకూర ముగించి ముల్లంగికి. ముప్పై ఏళ్లు మృదంగం మీద ఆడిన నా వేళ్లు ఆ రెండు స్టీలు పుల్లల దగ్గర ఓడిపోయాయి. ఒక మొలక నోటిదాకా వచ్చి మూడుసార్లు వెనక్కి పోయింది. ఎర్ర ముద్ద ఊరగాయ అయి ఉంటుందని, చివర్లో నాలుకకు రాసుకోవాలని ఓబులపతి తేల్చాడు. రాచిప్ప అడుగున అన్నం చిటచిటమని కాసేపు పిలిచింది. మేం పలకలేదు. అదీ ఊరుకుంది.

ఎట్లా ఉందని అడిగితే ఏం చెప్పను? చప్పిడి పథ్యం. ఉప్పు లేదు, పులుపు లేదు. కూరలన్నీ అయిపోయాక వట్టి అన్నం మిగిలింది, దాంట్లోకి ఏమీ లేదు. నాకు ఆకలి ముందు, మర్యాద తర్వాత, అందుకని గొణిగాను. దాసుగారు మాత్రం మొహం మార్చుకోకుండా ఒక్కొక్క మెతుకే తింటున్నారు. అది చూసి ఓబులపతి పుల్లలు కింద పెట్టేశాడు.

"కత చెప్పబోతే కత రాకపాయె. మీకు ఒక పూట అన్నం పెడదామంటే అదీ ఇట్లాయె," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

అప్పుడే సూనమ్మ వచ్చింది. మూడు రాచిప్పలూ చూసింది. పైన కూరలు మేసేసి ఉన్నాయి, కింద అన్నం తెల్లగా అట్లాగే ఉంది, ఎర్ర ముద్ద చెక్కు చెదరలేదు. ఆమె మొహం చిన్నబోయింది. బాలేదా అని మెల్లగా అడిగింది. మేం ముగ్గురం తలలు వంచుకున్నాం. ఆమె మళ్లీ అన్నం వైపు చూసింది, మా మొహాల వైపు చూసింది, ఆశ్చర్యపోయింది. లోపలికి పోయి మిగిలిన కూరలు ఒక పళ్లెంలో తెచ్చి మా గిన్నెల్లో వేసింది. ఓబులపతి ముందున్న రాచిప్పను తన దగ్గరికి లాక్కుని, కారపు ముద్దంతా వేసి, నూనె పోసి, గరిటె అడుగుదాకా దింపి, మాడిన అన్నాన్ని కూడా గీకి పైకి తెచ్చి, భుజం కదిలిపోయేలా కలపసాగింది.

"కలపాల," అంది. అచ్చం మన యాసే. "మీ ఊరోళ్లు చేత్తో శానా బాగా కలుపుతారు. నా కన్నా బాగా. మీరేం కలపలేదు?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పప్పు గానీ పులుసు గానీ కలపకుండా ముద్ద నోట్లో పెట్టుకోని మనుషులం. సంగటి ముద్దను పిసికే వేళ్లు మావి. ఎదుటివాళ్ల ఇంట్లో తప్పు చేయకూడదని అంత భయపడి, మాకు చేతనైన ఒక్క పనీ చేయకుండా కూర్చున్నాం. నాకు సిగ్గేసింది. దాసుగారు పుల్లలు పక్కన పెట్టి, చొక్కా చెయ్యి మడిచి, రాచిప్పలో చెయ్యి పెట్టారు. ఆయన్ను చూసి నేనూ పెట్టాను. ఓబులపతి కాసేపు తటపటాయించి గరిటె తోసేసి తనూ చేత్తో అందుకున్నాడు.

అమృతంలా ఉందని అబద్ధం చెప్పను. అన్నం చల్లారిపోయింది, కూరలు వాడిపోయాయి, వేడి మీద కలిపి ఉంటే దాని సంగతే వేరు. కానీ అంతకుముందు తిన్నవి ఐదు రకాల ఆకులూ దుంపలూ, ఇది భోజనం. ఓబులపతి ముద్ద మీద ముద్ద తిన్నాడు. మాడుచెక్క కూడా వదల్లేదు. సూనమ్మ పక్కనే నిలబడి, గిన్నె ఖాళీ అయ్యాక గానీ కదల్లేదు.

దాసుగారికి ఆ రాచిప్ప సంగతి ముందే తెలుసేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. అడిగితే మూడోనాడు చెబుతానంటారు.

భోజనం ముగించి హిందూపురం బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. ఓబులపతి ఆగలేకపోయాడు. తను అడిగిన దానికి మూడో రోజు కూడా అయిపోతోందని, సోమవారం చేరమంటారా వద్దంటారా అని అడిగాడు. దాసుగారు రోడ్డు వైపు చూస్తూ, చెయ్యి కడుక్కున్నావా అన్నారు. సబ్బుతో మూడుసార్లు కడిగానని, అయినా వాసన పోలేదని వాడన్నాడు.

"ఏ కూరది ఆ వాసన?"

ఓబులపతి అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ వాసన చూశాడు. బస్సు వచ్చి ఆగింది. నేను మెట్టెక్కి వెనక్కి చూస్తే వాడింకా అట్లాగే ఉన్నాడు.

"చెప్పలేక ఉండాను అయ్యవారూ," అన్నాడు చివరికి. "ఏదీ వేరుగా తెలీడం లేదు."

దాసుగారు కమ్మీ పట్టుకుని బస్సెక్కి, లోపలికి జరిగి వాడికి చోటిచ్చారు.

"అట్లయితే బుధవారం పరిగిలో కత నువ్వు చెప్పు," అన్నారు.