టైపింగ్ అని వచ్చి ఆగిపోయింది

ఊళ్ళో బుర్రున్న ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే, అడిగినవాడి మాట పూర్తికాకముందే గంగరాజు, అతని పెళ్ళాం సుభద్రమ్మ, తమ్ముడు నూకరాజు ముగ్గురూ కలిసి "మాదే!" అంటారు. ముగ్గురికీ ఒకటే ఫోను. "ఇన్ని బుర్రలుండగా ఇన్ని ఫోన్లెందుకు?" అంటాడు గంగరాజు.

నూకరాజుకి ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. పక్కూళ్ళో ఉన్న మేనత్త కనకరత్నం ఒక సంబంధం చూసి, "వాడి ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టండ్రా, ఆడపిల్లవాళ్ళకి పంపొచ్చో లేదో చూసి చెబుతాను" అంది. పెట్టారు. పెట్టి ఫోను చుట్టూ కూర్చున్నారు. అత్త పేరు పక్కన 'టైపింగ్' అని వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగిపోయింది.

ఇంకేముంది, సుభద్రమ్మ గుండెలు బాదుకుంది. "ఏవండోయ్, రాసి చెరిపేస్తున్నారంటే అది చెప్పుకోలేని మాటేనండీ!"

"నా ముక్కు గురించే వదినా," అన్నాడు నూకరాజు నీరుగారిపోయి.

అంతే, ముక్కుకి తుండుగుడ్డ అడ్డం కట్టి ఇంకో ఫోటో తీసి పంపారు. చుట్టాల్లో ఒకాయన నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. "మనల్ని చూసే నవ్వుతోంది!" అని గంగరాజు ఫోనుని బోర్లా పడుకోబెట్టాడు. నిమిషం ఆగలేక మళ్ళీ తిప్పాడు. బొమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. అత్త ఇంకా టైపింగే.

"మన తప్పులు మనమే ఒప్పేసుకుంటే ఆవిడ కోపం పోతుంది," అన్నాడు గంగరాజు. సరేనని సుభద్రమ్మ ఒప్పేసుకుంది. 'అత్తయ్యగారూ, మీరు పంపిన సున్నుండలు గేదెకి పెట్టింది నేనే. అదీ తినలేదు.' గ్రూపులో నలభై మంది చదివారు. వాళ్ళలో ఒకావిడ హడలిపోయి, "అది వెంటనే తుడిచేయ్ సుభద్రా!" అని రాసింది.

సుభద్రమ్మ తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. గంగరాజు సబ్బు పెట్టి తోమాడు. ఇంకా కనబడుతోంది. నూకరాజు బకెట్లో నానబెట్టాడు. ఈసారి శుభ్రంగా పోయింది, ఫోనుతో సహా. "తెలివంటే ఇదీ!" అని ముగ్గురూ మురిసిపోయి, అత్త రాసిందేమిటో అడిగి తేల్చుకుందామని ఆటో ఎక్కారు.

"ఏం రాసి చెరిపేశావత్తా?" అని గుమ్మంలోనే అడిగాడు గంగరాజు.

"కళ్ళజోడు కనపడక చచ్చానురా! 'బాగున్నాడు' అని రాద్దామంటే ప్రతిసారీ ఏదో పిచ్చి మాట పడుతోంది, చెరుపుకుంటున్నాను. తీరా జోడు దొరికాక ముందు చదివింది సున్నుండల సంగతి!" అంది కనకరత్నం పళ్ళు కొరుకుతూ.

నూకరాజు భోరుమన్నాడు. "నాకీ పెళ్ళి కావాలత్తా! పీటల మీద కూర్చోవాలనుందత్తా!" ఆ ఏడుపు తలుచుకుంటే నాకే జాలేస్తోంది, ఆవిడకి వెయ్యదా? వాడి ముక్కు తుడిచి, "రేపు ఆడపిల్లవాళ్ళు మీ ఇంటికొస్తారు. దేనికైనా పదిసార్లు ఆలోచించి మరీ జవాబు చెప్పండి," అని పంపించింది.

మర్నాడు పిల్ల తండ్రి తాతారావు వచ్చాడు. కూతురు వరాలు ఫోటో నూకరాజు చేతికిచ్చి, "మా అమ్మాయి నచ్చిందా బాబూ?" అన్నాడు. నూకరాజు మొహం వెలిగిపోయింది. కానీ అత్త మాట గుర్తొచ్చింది. ముగ్గురూ కళ్ళు మూసుకుని వేళ్ళు ముడవడం మొదలుపెట్టారు.

"నేను ఏడులో ఉన్నానండీ. మీరో?" అంది సుభద్రమ్మ.

"అయ్యో, లెక్క తప్పించావే! మళ్ళీ ఒకటి నుంచి!" అన్నాడు గంగరాజు.

తాతారావు చూశాడు, చూశాడు. మా పిల్ల నచ్చలేదు కాబోలు, మొహం మీద చెప్పలేకపోతున్నారనుకున్నాడు. పాపం, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి ఆటో ఎక్కేశాడు. ఆటో కదిలింది. అప్పుడయింది నూకరాజుకి పది! వెనకాలే పరుగెత్తాడు. పంచె జారుతున్నా ఆగలేదు. "నచ్చిందండీ! మహా నచ్చిందండీ!"

ఆటో ఆగింది. తాతారావు దూకినంత పనిచేసి, నూకరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బతికించావు బాబూ! అయితే ముహూర్తం పెట్టించమంటావా?"

"ఉండండి" అని నూకరాజు నడిరోడ్డు మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని, "ఒకటీ..." అన్నాడు.