పసుపు గీత

అనగనగా ఒక కొండ. ఆ కొండ కాళ్ళ దగ్గర ఒక ఊళ్ళో అప్పలస్వామి అని ఒకాయన సైకిళ్ళు బాగుచేస్తూ ఉండేవాడు. ఆయనకి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఆ పిల్లకి వంకర హ్యాండిలు రేసు సైకిలు ఉండేది. దానిమీద ఘాట్ రోడ్డెక్కి, మళ్ళీ గాలిలా దిగేది. దసరా వెళ్ళాక కొండ మీంచి సైకిలు పందెం. ఆ పిల్ల ప్రాణమంతా ఆ పందెం మీదే.

ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఇనప కాళ్ళు ఉంటాయి చూడు, వాటినే ఫోర్కు అంటారు. సైకిల్లో ఇంకేది పాడైనా దిగి నడిపించుకు రావచ్చు. అది విరిగితే మాత్రం దిగే వ్యవధి ఉండదు కన్నా, మనిషి ముందుకి బోర్లా పడిపోవడమే.

వంగిన ఫోర్కులు సరిచేయడంలో అప్పలస్వామికి పెద్ద పేరు. కాల్చి, వంచి, నల్లరంగు వేసి ఇచ్చాడంటే ఎవరూ పోల్చుకోలేరు. అది చూసుకుని ఆయనకి కాస్త మిడిసిపాటు కూడానూ.

ఒకరోజు మేకపిల్ల అడ్డొచ్చి నూకరత్నం సైకిలు కల్వర్టు గోడకి గుద్దుకుంది. పిల్లకి మోచెయ్యి గీరుకుంది, అంతే. ఫోర్కు మాత్రం వెనక్కి వంగిపోయింది. అప్పుడు అప్పలస్వామి ఎప్పట్లాగే సరిచేసి, రంగేసి, "కొత్తదానికంటే గట్టిదమ్మా" అని ఇచ్చాడు. ఆ పిల్ల మూడు రోజులు తొక్కింది.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజకి సుత్తికీ, స్పానర్లకీ, పంపుకీ, సైకిలుకీ పసుపు రాసి బొట్లు పెట్టారు. మర్నాడు పొద్దున్న నూకరత్నం తడిగుడ్డతో పసుపు తుడిచింది. అంతా పోయింది గానీ, ఫోర్కు కాళ్ళు రెండూ కలిసే చోట వెంట్రుకంత గీత ఒకటి మిగిలింది. ఒకసారి తుడిచింది. రెండోసారి తుడిచింది. మూడోసారి గట్టిగా తోమింది. పోలేదు.

"నాన్నా, ఇదేటో పోట్లేదు."

అప్పలస్వామి వచ్చి గోరుతో గీసి చూశాడు. గోరు పట్టుకుంది. అది మరక కాదు, పసుపు దూరిన బీట. అప్పుడు ఆయన ఫోర్కు ఊడదీసి, బల్లకి బిగించి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. చెరకు గడలా విరిగిపోయింది. ఆ ముక్క పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఇది పందెంలో విరిగి ఉంటే తన బిడ్డ ఏమయ్యేది! తన చేతుల్ని చూసుకుంటే ఆయనకే భయమేసింది.

నూకరత్నం పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది.

"ఈ ఏడు ఇలాటివి ఎన్ని సరిచేసావు నాన్నా?"

ఆయన ఒక్కొక్క వేలే మడిచి లెక్కపెట్టాడు. మూడు.

ఆ తర్వాత ఇద్దరూ విరిగినదీ, ముందు చక్రమూ పట్టుకుని పట్నంలో సైకిలు సామాన్ల కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన మొదట ఎర్రటి ఫోర్కు తీశాడు. ఈకంత తేలిక. పిల్ల కళ్ళు మెరిశాయి.

"ఇది ఏ సైకిలుదండీ?" అన్నాడు అప్పలస్వామి.

"ఎవరిదో పాతది. ఎక్కడా పడలేదనే చెప్పారు."

ఆయన వద్దన్నాడు. అప్పుడు రెండోది తీశాడు. అది కొత్తదే, కానీ హ్యాండిలు కిందకి దూరే మెడ రెండు వేళ్ళు పొట్టి. "ఎలాగో పట్టించెయ్యండి, మీకు చేతకానిదా" అన్నాడు కొట్టాయన. నిన్నటిదాకా అయితే అప్పలస్వామి అదే చేసేవాడు. ఇప్పుడు దాన్నీ పక్కన పెట్టాడు.

మూడోది నల్లది. ఏ సోకూ లేదు, పైగా బరువు. విరిగినదాని పక్కన పెట్టి మెడ కొలిచాడు, సరిపోయింది. చక్రం పెట్టి తిప్పాడు, ఎటూ ఒరగకుండా తిరిగింది. బ్రేకు బిగించే బెజ్జం కూడా కలిసింది. అప్పుడు జేబులోంచి పసుపు పొట్లం తీసి, రాసి, తుడిచాడు. గీత లేదు.

"బరువు నాన్నా. పందెం పోతాది."

"పోతే పోనీ అమ్మా. నువ్వు కిందకి దిగి రావాల." కొట్టాయన వైపు తిరిగాడు. "ఇలాటివే ఇంకో మూడు చూపించండి. ఆ సైకిళ్ళ కొలతలు నాకు తెలుసు."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రం మూడిళ్ళకి వెళ్ళాడు. ప్రతి గుమ్మంలోనూ, "నేను చేసింది తప్పు పని, మార్చడానికొచ్చాను" అని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ తల వాలిపోయింది. పాలాయన సైకిలుకి గీత లేదు. టైలరు సైకిలుకీ లేదు. అయినా మార్చాడు. మూడోది అంగన్‌వాడీ ఆయమ్మది. ముందు సీట్లో ఆవిడ మనవరాలు, నీ అంతది, దిగనని మారాం చేస్తోంది. దింపి, పసుపు రాసి, తుడిచాడు.

గీత మిగిలింది.

అప్పలస్వామి ఆ పాపని ఎత్తుకుని చాలాసేపు కిందకి దింపలేకపోయాడు.

పందెంలో నూకరత్నం ఐదోదిగా వచ్చింది. కొండ కింద నిలబడ్డ తండ్రి మొదట ఎవరొచ్చారో చూడనేలేదు. ఆ నల్ల ఫోర్కు వచ్చి తన ముందు ఆగాక, దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు.

కథేమో కంచి దారి పట్టింది, మా కన్నకేమో కునుకు పట్టింది.