తాళంచెవి నడుముకు, గండి గోడకు

చింతలదుర్గాన్నేలే కేతభూపాలుడికి ఆ ఏడు కోట తూర్పు తలుపుకు ఇత్తడి పువ్వులు తాపడం చేయించాలని బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి తనంతట పుట్టలేదు, దుర్గాధ్యక్షుడు గుండమనాయకుడు పుట్టించాడు. కోటగోడల మరమ్మతుకు ఖజానా నుంచి ఏటా వెళ్ళే సొమ్ము అతని చేతికే వెళ్ళేది. దాంతో అతను ఏటా తూర్పు తలుపుకు రంగు వేయించేవాడు. రాజుగారు ఊరేగింపుగా వెళ్ళేదీ వచ్చేదీ అటే కాబట్టి, ఆయన దృష్టిలో కోట అంటే ఆ తలుపే. తక్కిన గోడ ఉందో పోయిందో అడిగే తీరిక ఆయనకు లేదు, చెప్పే అవసరం నాయకుడికి లేదు.

పడమటి గోడ మాత్రం పోయింది. కిందటి వానలకు గడ్డిబండి పట్టేంత గండి పడింది. అందులోంచి ఓ చిరుత వచ్చి, గోడకు లోపలున్న పడమటిపేటలో దూడల్ని ఎత్తుకుపోయింది. పేటవాళ్ళు వచ్చి మొర పెట్టుకుంటే, రాత్రిళ్ళు తలుపులేసుకుని పడుకోమని నాయకుడు పైసా పుచ్చుకోకుండా సలహా ఇచ్చి పంపాడు.

రాజుగారికి తాంబూలం అందించే బొల్లన ఇల్లు కూడా ఆ పేటలోనే. ఇంట్లో ఇంకా పాకే వయసు కూతురుంది. ఆ గండి తలపుకొస్తే అతను రాత్రి లేచి తలుపు గడియ మళ్ళీ చూసుకునేవాడు. అందుకే ఇత్తడి పువ్వుల మాట వచ్చిన రోజు, ఆకులకు సున్నం రాస్తూనే, పడమటి గోడకు కూడా నాలుగు రాళ్ళు పడితే బాగుంటుందని మెల్లగా అన్నాడు.

సభ నవ్వింది. ఆకులు చుట్టేవాడికి కోటల సంగతి తెలియడం వాళ్ళకు వింతగా తోచింది. గుండమనాయకుడు నడుముకు వేలాడే మూరెడు తాళంచెవిని తట్టి చూపించాడు.

"ప్రభూ, ఈ చెవి తిరగనిదే కోటలోకి గాలి కూడా దూరదు."

రాజుగారికి ఓ వినోదం దొరికింది. తలుపులు మూసి ఉండగా ఎవరైనా కోటలోకి రాగలరని దసరా దాటకుండా రుజువు చేస్తే, ఆ ఏటి మరమ్మతు సొమ్ము బొల్లన చేతికే ఇస్తామన్నారు. చేయలేకపోతే బొల్లన కొలువు వదిలి, బతికినన్నాళ్ళూ నాయకుడికి గొడుగు పట్టాలి.

గండి చూపిద్దామంటే రాజుగారు పడమటిపేటకు రారు, పేడ వాసన ఆయనకు పడదు. గండిలోంచి ఓ మనిషిని తెచ్చి నిలబెడితే, వీడు పొద్దున్నే తలుపు గుండా వచ్చి దాక్కున్నాడని నాయకుడు తేల్చేస్తాడు. అతను కాదనలేని సాక్షి కావాలి. బొల్లన ఆకులు చుడుతూ ఆ సాక్షి కోసమే ఆలోచించాడు. ఈలోగా నాయకుడు కొత్త గొడుగు చేయించుకున్నాడు, మామూలు దానికన్నా బాగా బరువైనది.

విజయదశమి నాడు ఆ కోటలో ఓ ఆచారం ఉంది. రాజుగారు జమ్మిపూజకు ఊరి బయటికి వెళ్ళగానే తలుపులన్నీ మూసేస్తారు. సాయంత్రం ఆయన పల్లకి వచ్చాక దుర్గాధ్యక్షుడు తన చేత్తో తూర్పు తాళం తీసి, హారతిచ్చి లోపలికి ఆహ్వానిస్తాడు. ఆ ఏటి మరమ్మతు సొమ్ము రాజుగారు ప్రకటించేది ఆ గడప దగ్గరే. హారతి పళ్ళెం మీద నాయకుడికి అంత భక్తి ఉండటానికి కారణం అదే.

పూజ అయింది. బూరెలు దండిగా లాగించిన రాజుగారు పల్లకి ఎక్కి, తెరలు దింపించి, ఏటా చేసినట్టే గురక మొదలుపెట్టారు. ప్రభువుల నిద్ర చెడుతుందని చెప్పి బొల్లన మేళాన్నీ ఏనుగుల్నీ పరివారాన్నీ ముందుగా తూర్పు తలుపుకు పంపేశాడు. పల్లకి మోసే బోయీలది పడమటిపేటే.

"అన్నా, రోజూ పొలాల నుంచి మీ పేట బండ్లు వచ్చే దారినే పోదాం. కుదుపు లేకుండా," అన్నాడు వాళ్ళతో.

"ఆ దారిలో కుదుపెక్కడిది బొల్లన్నా, బండ్లు తిరిగి తిరిగి నున్నబడిపోయింది," అన్నాడు ముందు బోయీ.

రాజుగారు కళ్ళు తెరిచేసరికి పల్లకి తన రాజమందిరం ముంగిట ఉంది. హారతి లేదు, మేళం లేదు, నాయకుడు లేడు. పండగపూట నాయకుడు తనకు ఎదురు రానందుకు ఆయనకు ఒళ్ళు మండింది. సభలో కూర్చుని, నాయకుణ్ణి ఉన్నపళాన పట్టుకు రమ్మన్నారు.

నాయకుడు హారతి పళ్ళెంతోనే వచ్చాడు. కర్పూరం ఎప్పుడో ఆరిపోయింది. సింహాసనం మీద రాజుగారిని చూసి కొయ్యబారిపోయాడు.

"మేము వచ్చినప్పుడు తలుపు దగ్గర ఎందుకు లేవు?"

కొలువు ఊడుతుందన్న భయంలో నాయకుడికి ఇంకేమీ తోచలేదు. మధ్యాహ్నం నుంచి గడప కదల్లేదని, బయట మేళం మోగుతున్నా పల్లకి రాలేదంటే తాళం ముట్టుకోలేదని గడగడా చెప్పుకొచ్చాడు.

"తలుపు ఇంకా తీయనే లేదు ప్రభూ. ఈ చెవి నా నడుము దిగలేదు. మా అమ్మ తోడు."

రాజుగారు అయోమయంగా బొల్లన వైపు తిరిగి, ఇదేమిటని అడిగారు. బొల్లన తీరిగ్గా తమలపాకు ఈనె తీస్తున్నాడు.

"నాయకులవారు అబద్ధమాడతారా ప్రభూ? ఆ చెవి తిరగనిదే గాలి కూడా దూరదు. కాబట్టి తమరింకా కోట బయటే ఉన్నారు."

రాజుగారు తన చేతులు ఓసారి చూసుకున్నారు. సింహాసనాన్ని తడిమి చూశారు. తలపాగాకు చిక్కుకున్న గడ్డిపోచను తీసి, దాన్ని కాసేపు తిప్పి తిప్పి చూశారు.

"ఏ దారిన తెచ్చావురా?"

"చిరుత వచ్చిన దారినే ప్రభూ. దానికీ ఎవరూ హారతి పట్టలేదు."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వాక సభ కూడా ధైర్యం తెచ్చుకుని నవ్వింది. మెడలోని ముత్యాల హారం తీసి బొల్లన మెడలో వేసి, ఆ ఏటి సొమ్మంతా పడమటి గోడకేనని, దాన్ని ఖర్చు పెట్టేది బొల్లనేనని అక్కడికక్కడే ప్రకటించారు. తాళంచెవి లాక్కుని, గోడ లేచేదాకా ఎండలో రాళ్ళు పేర్చే వడ్డెరలకు గొడుగు పట్టమని నాయకుణ్ణి పంపారు.

తన కొత్త గొడుగు ఎంత బరువో గుండమనాయకుడికి మర్నాడు పొద్దున తెలిసింది.